పేరు మార్చని రాజ్‌దూత్‌తో భూపాలపల్లికి

భూపాలపల్లి పాత బండ్ల ప్రదర్శన నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి జనగామలో కనిపించిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "ఎన్నో నంబరొచ్చింది మేడం?" ఏ నంబరూ రాలేదు. మార్కులు వేసే సమయానికి మా బండి మైదానంలోనే లేదు. ఎక్కడికి పోయిందో ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే కాయితం మీద పెడుతున్నాను.

ముందు మా క్లబ్బు గురించి చెప్పాలి. పాత మోటారుసైకిళ్ల క్లబ్బు అంటే వినడానికి గొప్పగా ఉంటుంది గానీ ఉన్నది ముగ్గురం. నాలుగో ఆయన చందా కట్టి ఫొటోలకు మాత్రం వస్తాడు. అధ్యక్షుడు నర్సింహారెడ్డి గారు ఒకప్పటి సర్పంచి. పదవి పోయింది గానీ మైకు కనిపిస్తే చేయి ఇంకా ఆగదు. ఆయన పత్తి అమ్మిన డబ్బులతో బాగు చేయించుకున్న బుల్లెట్ మీద ఈగ వాలినా జారిపడుతుంది. రెండో మనిషి యాదగిరి అన్న. స్టేషన్ వెనక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా మెకానిక్. మూడో దాన్ని నేను, హైస్కూల్లో సైన్సు చెప్తాను. మా ఆయన మోజుపడి ఒక పాత బుల్లెట్ కొని నడుం నొప్పి తెచ్చుకున్నాడు. బండి నాకు వచ్చింది, నొప్పి ఆయనకే మిగిలింది.

ప్రదర్శనకు తీసుకెళ్లే అసలు సరుకు యాదగిరి అన్న రాజ్‌దూత్. నాలుగేళ్ల కింద పాత ఇనుప సామాను దుకాణంలో తుప్పు పట్టి పడి ఉంటే కొన్నాడు. రెండేళ్ల ఆదివారాలు దానికే పోశాడు. టాంకీ సొట్టలు తీసి నల్లరంగు కొట్టించాడు. ఎవరో వెల్డింగ్ చేయించిన ఇనుప కొక్కేలు కోసి పారేశాడు. మొత్తానికి షోరూములో నుంచి నిన్ననే దిగినట్టు తయారు చేశాడు. కొత్త బండ్లన్నీ కంప్యూటర్ పెట్టి చూసే షోరూములకే పోతున్నాయి, షెడ్డుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. "నా చెయ్యి ఇంక పనికొస్తదని నలుగురికి తెల్వాలె మేడం, గంతే," అంటుండేవాడు.

బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నిర్వాహకుల నుంచి ఫారం వచ్చింది. ఆర్సీలో పేరున్న యజమాని ఆదివారం బండి పక్కన ఉండాలట. యాదగిరి అన్న ముఖం సుద్దముక్కలా అయింది.

"పేరు మార్పించుకోలేదా అన్నా?" అన్నాను.

"బండి నడుస్తదా లేదా చూస్త గని, కాయితం నడుస్తదా మేడం?"

వేల ఇంజన్లు విప్పిన మనిషి ఒక్క కాయితం విప్పలేదు. ఆ బండి ఎందరి చేతులు మారిందో, ఒక్కరూ పేరు మార్చలేదు. ఆర్సీలో ఇప్పటికీ మొదట కొన్నాయన పేరే ఉంది: బానోత్ భద్రు, మరిపెడ దగ్గర ఒక తండా. మానుకోట మీదుగా పోతే మరిపెడ దారిలోనే తగులుతుంది. ఆయనను ఒప్పించి ప్రదర్శనకు రప్పించాలి, పేరు మార్పు కాయితం మీద సంతకం కూడా పెట్టించుకోవాలి. ఆ పెద్దమనిషి "నా బండి నాకియ్యి" అంటే ఏమిటన్నది మేం ఎవరమూ పైకి అనలేదు గానీ, శుక్రవారం తెల్లారి బయల్దేరినప్పుడు ముగ్గురి మనసులోనూ అదే ఉంది.

తొర్రూరు బజ్జీలు

పాలకుర్తి దాటాక చలి వదిలింది. తొర్రూరులో బజ్జీల బండి దగ్గర ఆగాం. మా ఊళ్లో ముప్పై రూపాయలకు నాలుగు మిరపకాయ బజ్జీలు, ఇక్కడ అదే ముప్పైకి అయిదు, పైన కోసిన ఉల్లిగడ్డ. బజ్జీలు వేస్తున్నామె నన్నూ నా బుల్లెట్‌నూ మార్చి మార్చి చూసింది.

"సారు ఏడి?"

"ఇంట్ల ఉన్నడు."

"మరి గీ బండి తెచ్చినాయన?"

"నేనే తెచ్చిన."

"కిక్కు ఎవరు కొడ్తరు?"

పొద్దున్నే పంతం ఎక్కింది. లేచి వెళ్లి ఒక్క కిక్కుకు స్టార్టు చేసి చూపించాను. ఇంకో రోజైతే నాలుగు కిక్కులు తినేది, ఆ రోజు నా పరువు కాపాడింది. ఆమె నా ప్లేటులో ఆరో బజ్జీ వేసి, "మా ఆయనకు స్కూటీ గూడ రాదు," అంది. ఈ ప్రయాణంలో నాకు దక్కిన బహుమతి అదొక్కటే.

యాదగిరి అన్న మాత్రం బజ్జీ ముట్టలేదు. "పెద్దాయన అడిగితే కాదనేటందుకు నాకేం హక్కున్నది?" అన్నాడు. నర్సింహారెడ్డి గారు, "నేనున్న గద, నేను మాట్లాడ్త," అన్నారు. అది విన్నాక అన్నకు భయం ఇంకా పెరిగినట్టు కనిపించింది.

మరిపెడ పక్క తండా

తండా చుట్టూ కల్లాల్లో మిర్చి ఎండబోసి ఉంది. మా ఊళ్లో కొత్త మనిషి గుమ్మంలోకి వస్తే ముందు "ఏం పని మీద?" అంటారు, తర్వాత నీళ్లు. ఇక్కడ నీళ్లు తాగి చెంబు కింద పెట్టేదాకా ఎవరూ ఏమీ అడగలేదు. మేమూ ఇది నేర్చుకుంటే బాగుండునని సిగ్గుపడ్డాను.

భద్రు మిర్చి కల్లం నుంచి వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, చేతికి పెద్ద గడియారం. నర్సింహారెడ్డి గారు గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టబోతుంటే, ఆయన పట్టించుకోకుండా బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"గిది నా బండి కాదు," అన్నాడు.

నాది అంటాడేమోనని మూడు రోజులు నిద్ర మానుకున్న వాళ్లం, నాది కాదంటే ఏం చెయ్యాలో తెలియలేదు. నర్సింహారెడ్డి గారు ఆర్సీ తీసి, బండి మీది నంబరుతో కలిపి చూపించారు.

"అంకెలదేమున్నది సారూ? నా బండికి టాంకి మీద గింత సొట్ట ఉంటది, ఎడ్లబండి తగిలి పడ్డది. రెండు దిక్కుల పాల క్యాన్ల కొక్కేలుంటయి. మరిపెడల దగ్గరుండి పెట్టిపిచ్చిన. నా బండి గిట్ల మెరువదు."

"సొట్ట నేనే తీసిన బాపు," అన్నాడు యాదగిరి అన్న. "కొక్కేలు గూడ నేనే కోసిన."

"ఎందుకు కోసినవ్?"

ఆ కొక్కేలు కోస్తున్న రోజు నేనే పక్కన నిలబడి, 'దరిద్రం వదిలింది' అన్నాను. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేయాలన్న తాపత్రయంలో, ఆ తర్వాత దాన్ని వాడుకున్న మనిషి ఒకడుంటాడన్న ఆలోచనే మాకు రాలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

ఇక చేసేదేముందని అన్న బండి తీయబోయాడు. కిక్కు కొట్టాడు. ఇంకోటి. ఎనిమిది కొట్టాడు, బండి దగ్గుతుంది గానీ అందుకోదు. జనగామ నుంచి మొరాయించకుండా వచ్చిన బండికి ఇక్కడే పెంకితనం పట్టింది. భద్రు కాసేపు చూశాడు. తొమ్మిదోసారి అన్న కాలెత్తేసరికి ఇక ఆగలేకపోయాడు.

"ఆగు నాయినా, గట్ల తన్నకు. గది ఎద్దా?"

బండిని తన చేతిలోకి తీసుకుని ఎడమ పక్కకు జర వంచాడు. పెదవులు కదిలిస్తూ పది దాకా లెక్కపెట్టాడు. నిలబెట్టి, కిక్కును పాదంతో మెల్లగా కిందికి నొక్కి వదిలాడు. ఆ తర్వాత ఒక్కటి కొట్టాడు. బండి అందుకుంది. నీలం పొగ కల్లం మీదికి పోయింది. భద్రు చేయి తీయకుండా అలాగే నిలబడ్డాడు.

"నాదే," అన్నాడు.

ఆయన భార్య ఇంట్లో నుంచి వచ్చి వాళ్ల భాషలో ఏదో అంది, చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. ఏమందని అడిగితే ఒకావిడ చెప్పింది: "బండి మల్ల పెండ్లిపిల్ల లెక్క అయ్యింది, ఈయనే ముసలోడయిండు అంటున్నది."

జొన్నరొట్టె, పచ్చికారం పెట్టారు. తింటూ భద్రు చెప్పాడు. ఇరవై రెండేళ్లు ఆ బండి మీద పాలు పోశాడట, చుట్టుపక్కల తండాలన్నీ తిరిగి మరిపెడకు. కూతురు సునీతకు నర్సు చదువులో సీటు వచ్చినప్పుడు అమ్మేశాడట. నర్సింహారెడ్డి గారు ఆదివారం ప్రదర్శన సంగతి చెప్పి, రావాలని అడిగారు. యాదగిరి అన్న పేరు మార్పు కాయితం జేబులోంచి సగం బయటికి తీశాడు.

"ఆదివారం వస్త, బస్సుకు వస్త," అన్నాడు భద్రు. "సంతకం ముచ్చట గప్పుడు సూద్దాం."

అన్న కాయితాన్ని మళ్లీ జేబులోకి తోశాడు.

మానుకోట రొట్టెలు, కేసముద్రం తుమ్ములు

జిల్లా బోర్డు మీద మహబూబాబాద్ అని రాసి ఉంటుంది గానీ మనుషుల నోట్లో అది మానుకోటే. సాయంత్రం స్టేషన్ రోడ్డులో ఒక అవ్వ పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు కొడుతోంది. రొట్టె ఇరవై, పల్లీల చట్నీ ఎంత వేసుకున్నా అడగదు. మధ్యాహ్నం తిన్నది అరగకముందే నర్సింహారెడ్డి గారు నాలుగు లాగించారు. ఇక్కడి రొట్టె మా జనగామ రొట్టె కంటే పలుచన, అంచు కరకరలాడుతుంది. అవ్వను రహస్యం అడిగితే, "ఆకలి అయితే అన్ని రొట్టెలు మంచిగనే ఉంటయి బిడ్డా," అని నా నోరు మూయించింది.

మర్నాడు పొద్దున కేసముద్రం మార్కెట్ యార్డు ముందు ఇరుక్కుపోయాం. ముందు మక్కజొన్న ట్రాక్టర్లు, వెనక మిర్చి బస్తాల లారీలు. ఎవడో బస్తా విసిరేశాడు, ఎర్రటి ఘాటు లేచింది. నర్సింహారెడ్డి గారు ముఖమంతా మూసే హెల్మెట్‌లో వరసగా ఏడు తుమ్ములు తుమ్మారు. అద్దం మొత్తం మసకబారి దారి కనబడక ట్రాక్టరుకు ముద్దు పెట్టబోయారు.

బస్తా మోస్తున్న హమాలీ ఒకతను ఆగి, "సారూ, టోపీల తుమ్మితే లోపలనే ఉంటది, జర మూత తియ్యి," అన్నాడు. రోడ్డంతా నవ్వింది. అధ్యక్షుల వారు మూత తీసి, ఎనిమిదోది స్వేచ్ఛగా తుమ్మారు.

పత్తి అమ్ముకుని వస్తున్న ఒక రైతు రాజ్‌దూత్ చుట్టూ తిరిగి, "ఇస్తవా? ఎంత?" అని యాదగిరి అన్నను అడిగాడు. ఇంతకుముందెవరైనా అలా అడిగితే అన్న పొంగిపోయి గంటసేపు దాని కథ చెప్పేవాడు. ఆ రోజు, "నాది కాదన్నా," అని ఊరుకున్నాడు.

అక్కడి నుంచి నర్సంపేట, ములుగు, ఘనపూర్. ములుగు దాటాక రోడ్డుకు రెండు పక్కలా చెట్లు దగ్గరకు వస్తాయి, గాలి చల్లబడుతుంది. మా దిక్కు రాళ్లూ గుట్టలూ చూసి చూసి ఉన్న కళ్లకు పండగ. ఘనపూర్‌లో పది రూపాయల చాయ తాగి, పొద్దు గూకకముందే భూపాలపల్లి చేరాం.

భూపాలపల్లి మైదానం

ఆదివారం కాలేజీ మైదానంలో నలభై దాకా బండ్లు వరసగా నిలబడ్డాయి. స్కూటర్లు, మోపెడ్లు, పక్కన తొట్టి ఉన్న బండి కూడా ఒకటి. ఇక్కడి జనం మా ఊరి జనం లాంటి వాళ్లు కాదు. బొగ్గు బావుల్లో పనిచేసే వాళ్లు, షిఫ్టు దిగి నేరుగా వచ్చారు. రంగు చూడరు. చెవి దగ్గర పెట్టి ఇంజను వింటారు. ఒకాయన నా బుల్లెట్ విని, "అక్కా, చైను జర వదులున్నది," అని చెప్పి పోయాడు. చూసుకుంటే నిజమే.

భద్రు మాట తప్పలేదు. మొదటి బస్సు పట్టుకుని, మధ్యలో మారి, ఉతికిన తెల్లచొక్కాతో దిగాడు. నేరుగా వచ్చి రాజ్‌దూత్ పక్కన నిలబడ్డాడు. ఇక చూడాలి. జనం యాదగిరి అన్న వేసిన రంగును వదిలేసి భద్రు చుట్టూ మూగారు. వానలో క్యాన్లు తడవకుండా తన చొక్కా విప్పి కప్పిన సంగతి, పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషిని వెనక కూర్చోబెట్టుకుని దవాఖానకు చేర్చిన సంగతి, వాగులో బండి ఆగిపోతే పాలు అమ్మడం మానేసి పిల్లలకు పోసేసిన సంగతి, అన్నీ చెప్పాడు. మాట మాటకూ "నా బండి, నా బండి". అది విన్నప్పుడల్లా యాదగిరి అన్న గుడ్డ తీసుకుని తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

మార్కులకు ముందు యజమానులందరూ బండి మీద మైదానం ఒక చుట్టు తిరగాలన్నారు. మైకులో పేర్లు పిలుస్తున్నారు. "బానోత్ భద్రు!" అన్నారు.

భద్రు యాదగిరి అన్న వైపు చూశాడు. అన్న తాళంచెవి ఇచ్చాడు.

బండి ఎడమకు వంగింది, నిలబడింది, ఒక్క కిక్కు. చుట్టు అందంగా తిరిగాడు, జనం ఈలలు వేశారు. చుట్టు పూర్తయింది. వరసలోకి రావాల్సిన బండి నేరుగా గేటు వైపు పోయింది. గేటు దాటింది. నీలం పొగ ఒక్కటే మిగిలింది.

నర్సింహారెడ్డి గారు ముందు తేరుకున్నారు. "పోలీసు టేషన్‌కు పోదాం పా!"

"ఎవరి మీద కంప్లైంట్ ఇస్తవన్నా?" అన్నాడు యాదగిరి అన్న. "ఆయన బండి ఆయన తీస్కపోయిండు."

మళ్లీ ఘనపూర్

నేను బుల్లెట్ తీసి, ఎక్కమన్నాను. ఆడమనిషి వెనక కూర్చోవడానికి అన్న ఒక క్షణం తటపటాయించాడు. "సిగ్గు రేపు పడుదువు, ఎక్కు," అంటే ఎక్కాడు. దారి కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయిల్ కలిపిన పెట్రోలు పొగ వాసన ఎటు ఉంటే అటు పోయాం. చాయ హోటల్ దగ్గర అడిగితే, "పోయిండు, టోపీ గూడ లేదు, పాట పాడుకుంట పోయిండు," అన్నారు.

ఘనపూర్‌లో సర్కారు దవాఖాన ముందు రాజ్‌దూత్ ఆగి ఉంది. దాని పక్కన భద్రు, ఆయన ఎదురుగా నర్సు బట్టల్లో ఒకామె. తిడుతోంది. భాష అర్థం కాలేదు గానీ తల చూపించి తిట్టడంతో హెల్మెట్ గురించేనని తెలిసింది. తిడుతూనే ఏడుస్తోంది.

"మా బిడ్డ సునీత," అన్నాడు భద్రు మమ్మల్ని చూసి, తప్పు చేసిన పిల్లవాడిలా.

"లోపల రిజిస్టర్ రాస్తున్న మేడం," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "సప్పుడు ఇనవడ్డది. కాళ్లు వాటంతట అవే లేసినయి. చిన్నప్పుడు గీ సప్పుడు వస్తే పుస్తకాలు ముందటేసుకుని కూసునేటోళ్లం. నేను చదువుకు పోయి మొదటిసారి సెలవులకొస్తే బండి లేదు. నా కోసమే అమ్మిండని అప్పుడు తెలిసింది. వారం రోజులు ఏడ్చిన, అన్నం తినలే."

"గప్పటి నుంచి మనసుల ఉన్నది," అన్నాడు భద్రు. "బండి ఏడికీ పోలే, ఉన్నది బిడ్డా అని ఒక్కసారి చూపెట్టాలె అని. మిమ్మల్ని అడిగితే ఇస్తరో లేదో. అడగలే."

యాదగిరి అన్న రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు. దగ్గరికి వచ్చాడు. "బాపు, బండి నీదే. నువ్వే తీస్కపో," అన్నాడు. మనసులో మాటే అన్నాడు, నాకు అనుమానం లేదు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

భద్రు ఆయన్ను కింది నుంచి పై దాకా చూశాడు.

"తీస్కపోయి ఏం జేస్త నాయినా? పాలు గిప్పుడు ట్రాలీల పోతున్నయి. నా మోకాళ్లు గిక్కడి దాంక వచ్చేటందుకే మొత్తుకున్నయి. నేనైతే గీ బండి తుక్కుల నుంచి లేపకపోదును. లేపినోడివి నువ్వు. కాయితం తియ్యి."

దవాఖాన బెంచీ మీద పెట్టి సంతకం చేశాడు. ఒక్కో అక్షరం గీసి, ఆగి, చూసుకుని, ఇంకోటి గీశాడు. సునీత పక్కన నిలబడి, చివరి అక్షరం అయ్యేదాకా కాయితం గాలికి లేవకుండా పట్టుకుంది. భూపాలపల్లి నుంచి నర్సింహారెడ్డి గారు ఫోను చేశారు, మార్కులు వేసేశారట, మన నంబరు కొట్టేశారట. "కొట్టేయనియ్యి అన్నా," అని యాదగిరి అన్న ఫోను పెట్టేశాడు.

భద్రు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. "నన్ను బస్టాండు కాడ దింపు," అన్నాడు. సునీత లోపలికి పరుగెత్తి తన హెల్మెట్ తెచ్చి తండ్రి తలకు తనే బిగించింది.

యాదగిరి అన్న ముందు కూర్చున్నాడు. భద్రు వెనక ఎక్కాడు. ఎక్కి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల మీద పెట్టుకున్నాడు, సీటు పట్టుకున్నాడు, చివరికి అన్న భుజాల మీద వేశాడు.

"ఇరువై రెండేండ్లు నడిపిన," అన్నాడు సునీతతో, నాతో. "ఎనుక కూసునుడు గిదే మొదటిసారి."